పదేళ్ల పాత కంప్యూటర్: ముందు ఏం చూడాలి, దేనికి డబ్బు పెట్టాలి

పాత కంప్యూటర్ నెమ్మదించిందని షాపుకు పట్టుకెళితే సాధారణంగా రెండే మాటలు వినిపిస్తాయి. ఒకటి 'ఫార్మాట్ కొట్టేద్దాం సార్', రెండోది 'ర్యామ్ పెంచుదాం'. రెండూ పనికొచ్చే మాటలే. కాకపోతే జబ్బేమిటో చూడకముందే రాసిచ్చే మందులు. ఫార్మాట్ అంటే ఫొటోలు పోతాయేమోనని టెన్షన్. ర్యామ్ వేయించాక కూడా తేడా రాకపోతే డబ్బు దండగ. పని ఎక్కడ ఆగుతోందో ఇంట్లోనే కాసేపట్లో తెలుసుకోవచ్చు. జేబులోంచి రూపాయి తీసేది ఆ తర్వాతే.

మన ఇళ్లలో తరచుగా కనిపించే మెషీన్‌నే ఉదాహరణగా పెట్టుకుందాం. 2013-14 ప్రాంతంలో అసెంబుల్ చేయించిన డెస్క్‌టాప్: నాలుగో తరం ఐ3 ప్రాసెసర్, హెచ్81 మదర్‌బోర్డు, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్‌డిస్క్, విండోస్ 10. పిల్లల ప్రాజెక్టులు, ఈఏపీసెట్ వెబ్ ఆప్షన్లు, ఉద్యోగ దరఖాస్తులు, యూట్యూబ్, అప్పుడప్పుడు నాలుగు పేజీల తెలుగు టైపింగ్. ఈ పనులకు ఆ ప్రాసెసర్ ఇప్పటికీ చాలు. మీది ల్యాప్‌టాప్ అయినా ఇక్కడ చెప్పేవాటిలో చాలావరకు పనికొస్తాయి.

ముందు ఫొటోలు బయటికి తీయండి

స్క్రూడ్రైవర్ పట్టుకోకముందే చేయాల్సిన పని ఇది. పదేళ్లు తిరిగిన హార్డ్‌డిస్క్ ఏ రోజు ఆగిపోతుందో ఎవరూ చెప్పలేరు. ఫొటోలు, సర్టిఫికెట్ల స్కాన్లు, ట్యాలీ డేటా ఉంటే అదీ, పెన్‌డ్రైవ్‌లోకో ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకో కాపీ చేయండి. డాక్యుమెంట్స్ ఫోల్డర్ ఒక్కటే చూసి ఊరుకోవద్దు. మనలో చాలామంది ఫైళ్లు డెస్క్‌టాప్ మీద, డౌన్‌లోడ్స్‌లో ఉంటాయి. మరీ ముఖ్యమైనవి గూగుల్ డ్రైవ్‌లోనూ వేయండి, ఉచితంగా 15 జీబీ ఇస్తారు.

తర్వాత క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాం దించుకుని తెరవండి. నీలం రంగులో 'గుడ్' అని ఉంటే సరే. పసుపు రంగులో 'కాషన్' అని ఉంటే కింద పట్టికలో రీఎలొకేటెడ్ సెక్టార్స్, కరెంట్ పెండింగ్ సెక్టార్స్ అనే వరుసలు చూడండి. అక్కడ సున్నా కాకుండా అంకెలు కనిపిస్తున్నాయంటే డిస్క్ చెడిపోవడం మొదలైందని అర్థం. లోపలి నుంచి టక్ టక్ అని చప్పుడు వస్తున్నా అంతే. అలాంటి డిస్క్ మీద డీఫ్రాగ్, ఫార్మాట్ లాంటివి పెట్టుకోవద్దు. ఉన్న ఫైళ్లు కాపీ చేసుకుని మార్చేయడమే.

ఎక్కడ ఇరుక్కుంటోంది?

కంప్యూటర్ ఆన్ చేశాక కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ వస్తుంది. చిన్న కిటికీగా వస్తే కింద 'మోర్ డీటెయిల్స్' నొక్కండి. సీపీయూ, మెమరీ, డిస్క్ అని మూడు నిలువు వరుసలు కనిపిస్తాయి. వాటిని కాసేపు అలాగే చూడండి. తర్వాత మీరు రోజూ తెరిచే సైట్లన్నీ బ్రౌజర్‌లో తెరిచి మళ్లీ చూడండి.

పాత డెస్క్‌టాప్‌లలో ఎక్కువగా కనిపించేది డిస్క్ వరుస 100 శాతం దగ్గర ఎర్రబడి కూర్చోవడం. పెర్ఫార్మెన్స్ ట్యాబ్‌లోకి వెళ్లి డిస్క్ మీద నొక్కితే ఒక వింత కనిపిస్తుంది. డిస్క్ నూటికి నూరు శాతం పనిలో ఉంటుంది, చదివే వేగం మాత్రం సెకనుకు ఒకటి రెండు ఎంబీలే. హార్డ్‌డిస్క్‌లో పళ్లెం నిమిషానికి 5,400 సార్లో 7,200 సార్లో తిరుగుతూ ఉంటుంది. ఒక్కో చిన్న ఫైలు కోసం దాని సూది ఒక చోటి నుంచి ఇంకో చోటికి జరగాలి. విండోస్ మొదలయ్యేటప్పుడు అలాంటి చిన్న ఫైళ్లు వేలల్లో ఉంటాయి. టైమంతా వెతకడానికే పోతుంది. ఇక్కడ ర్యామ్ వేయించినా, ఫార్మాట్ కొట్టినా పెద్దగా మారేదేమీ ఉండదు. మార్చాల్సింది డిస్క్‌నే.

మెమరీ 90 శాతం దాటి ఉంటే ర్యామ్ చాలడం లేదు. ఇందులో ఒక మెలిక ఉంది. ర్యామ్ నిండిపోతే విండోస్ డిస్క్‌లో కొంత భాగాన్నే ర్యామ్‌లా వాడుకుంటుంది, అప్పుడు డిస్క్ కూడా 100 చూపిస్తుంది. కాబట్టి బ్రౌజర్ మూసేసి, రెండు నిమిషాలు ఆగి చూడండి. మెమరీ తగ్గినా డిస్క్ తగ్గకపోతే దోషం డిస్క్‌దే. రెండూ తగ్గితే ర్యామ్‌ది.

సీపీయూ ఎప్పుడూ 100 దగ్గరే ఉంటే, ఆ వరుస పేరు మీద నొక్కండి. ఎక్కువ తినే ప్రోగ్రాం పైకి వస్తుంది. అది విండోస్ అప్‌డేట్ అయితే ఒక పూట వదిలేస్తే దానంతట అదే సర్దుకుంటుంది. పేరే తెలియని ప్రోగ్రాం అయితే వైరస్ స్కాన్ చేయాలి.

పైసా ఖర్చు లేని పనులు

టాస్క్ మేనేజర్‌లోనే 'స్టార్టప్' ట్యాబ్ ఉంటుంది. కంప్యూటర్‌తో పాటు నిద్రలేచే ప్రోగ్రాంలన్నీ అక్కడ ఉంటాయి: ఎప్పుడో వేసిన టొరెంట్, వాడని మీటింగ్ యాప్, ప్రింటర్ వాడు తగిలించిన అప్‌డేటర్. ఆడియో, టచ్‌ప్యాడ్ లాంటి పేర్లు ఉన్నవి వదిలేసి మిగతావి డిజేబుల్ చేయండి. ప్రోగ్రాం ఎక్కడికీ పోదు, పిలిస్తేనే వస్తుంది.

రెండు యాంటీవైరస్‌లు ఉంటే రెండూ తీసేయండి. విండోస్ 10లో ఉన్న డిఫెండర్ ఇంటి అవసరాలకు చాలు. ట్రయల్ గడువు ముగిసి రోజూ డబ్బులడిగే యాంటీవైరస్ రక్షణ కంటే భారమే ఎక్కువ. ఇక 'పీసీ క్లీనర్', 'రిజిస్ట్రీ క్లీనర్', 'స్పీడ్ బూస్టర్' అని వచ్చేవాటి జోలికి వెళ్లొద్దు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడే వ్యవహారం.

సీ డ్రైవ్‌లో కనీసం 15-20 శాతం ఖాళీ ఉంచండి. సెట్టింగ్స్, సిస్టమ్, స్టోరేజ్‌లోకి వెళితే టెంపరరీ ఫైళ్లు ఎంత తింటున్నాయో చూపిస్తుంది. అక్కడ 'డౌన్‌లోడ్స్' పక్కన టిక్ ఉంటే మాత్రం తీసేసి ముందుకు వెళ్లండి, లేదంటే అందులో దాచుకున్న హాల్ టికెట్లు కూడా చెత్తతో పాటే పోతాయి.

స్క్రీన్ మూలన 'మీ కంప్యూటర్‌కు వైరస్ సోకింది' అంటూ గంటకోసారి బొమ్మ వస్తోందా? అది చాలాసార్లు వైరస్ కాదు. ఏదో సైట్ అడిగిన నోటిఫికేషన్‌కు ఎవరో 'అలౌ' నొక్కారు. బ్రౌజర్ సెట్టింగ్స్‌లో నోటిఫికేషన్స్ దగ్గరికి వెళ్లి తెలియని సైట్లన్నీ తీసేస్తే ఆ గోల ఆగిపోతుంది.

బ్రౌజర్ విషయంలో నా ఓటు ఫైర్‌ఫాక్స్‌కే. యూబ్లాక్ ఆరిజిన్ అనే యాడ్ బ్లాకర్ పూర్తి రూపంలో దానిలో ఇంకా పనిచేస్తుంది. ప్రకటనలతో నిండిన న్యూస్ సైట్లు పాత మెషీన్‌లో తెరుచుకునే తీరులో దీనివల్ల వచ్చే తేడా చిన్నది కాదు.

యూట్యూబ్ ముక్కలు ముక్కలుగా ఆడుతుంటే దానికి వేరే కారణం ఉంది. యూట్యూబ్ ఇప్పుడు వీడియోలను ఎక్కువగా వీపీ9, ఏవీ1 పద్ధతుల్లో పంపుతుంది. నాలుగో తరం ఐ3లోని గ్రాఫిక్స్‌కు వాటిని విప్పే ఏర్పాటు లేదు. ఆ బరువంతా ప్రాసెసర్ మీద పడుతుంది. హెచ్264ఇఫై అనే చిన్న ఎక్స్‌టెన్షన్ వేస్తే యూట్యూబ్ పాత హెచ్.264 పద్ధతిలోనే వీడియో పంపుతుంది. దాన్ని గ్రాఫిక్స్ చిప్ సులువుగా ఆడిస్తుంది. వేసే ముందు, వేశాక సీపీయూ శాతం ఎంతుందో టాస్క్ మేనేజర్‌లో చూడండి, తేడా మీకే తెలుస్తుంది.

దుమ్ము, బటన్ బ్యాటరీ, రబ్బరు ముక్క

ప్లగ్ పీకేసి, పవర్ బటన్ నాలుగు సెకన్లు నొక్కి పట్టుకోండి. లోపల మిగిలిన కరెంటు పోతుంది. క్యాబినెట్‌ను వరండాలోకి తీసుకెళ్లి పక్క తలుపు విప్పండి. పెయింట్ వేసే మెత్తటి కొత్త బ్రష్ చాలు. ప్రాసెసర్ మీద ఉన్న ఫ్యాన్‌కీ, దాని కింది అల్యూమినియం రేకులకీ మధ్య దుమ్ము దుప్పటిలా పేరుకుని ఉంటుంది, అసలు వేడి అక్కడే ఆగిపోతుంది. బ్లోయర్ వాడితే ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకోండి. గాలికి విపరీతంగా తిరిగితే బేరింగ్ పోతుంది. పవర్ సప్లై డబ్బాను, అంటే ఎస్‌ఎంపీఎస్‌ను బయటి నుంచి తుడవండి తప్ప విప్పకండి. ప్లగ్ తీసినా లోపలి కెపాసిటర్లలో షాక్ కొట్టేంత కరెంటు నిలిచి ఉంటుంది. మదర్‌బోర్డు మీద చిన్న డబ్బాల్లా నిలబడి ఉండే కెపాసిటర్ల నెత్తి ఉబ్బి ఉంటే మాత్రం ఆ బోర్డు మీద ఇక డబ్బు పెట్టొద్దు.

ఆన్ చేస్తే ఫ్యాన్ తిరుగుతుంది, స్క్రీన్ మీద ఏమీ రాదు, లోపలి నుంచి బీప్ బీప్ అంటుంది. సర్వీసు కుర్రాళ్లు మొదట చేసేది మీరూ చేయొచ్చు. ర్యామ్ కర్రకు రెండు చివర్లా ఉన్న క్లిప్పులు తెరిచి బయటికి తీయండి. కింద బంగారు రంగు గీతలు ఉంటాయి. వాటిని పెన్సిల్ రాతలు చెరిపే తెల్ల రబ్బరుతో మెల్లగా రుద్ది, పొట్టు దులిపి, గాడి చూసుకుని క్లిక్ మనేదాకా నొక్కండి. ఎన్నో 'డెడ్' కంప్యూటర్లు దీంతోనే లేస్తాయి.

ఇంకో విచిత్రమైన తిప్పలు. ఇంటర్నెట్ వస్తుంది కానీ ఏ సైట్ తెరిచినా కనెక్షన్ ప్రైవేట్ కాదనో, మీ గడియారం వెనకబడి ఉందనో బ్రౌజర్ అడ్డుపడుతుంది. కింద తేదీ చూస్తే ఏ పదేళ్ల కిందటి జనవరి ఒకటో ఉంటుంది. సైట్ల సర్టిఫికెట్లకు ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా అని గడువు ఉంటుంది. గడియారం తప్పితే బ్రౌజర్ వాటిని నమ్మదు. తప్పు నెట్‌వాడిది కాదు, మదర్‌బోర్డు మీదున్న రూపాయి బిళ్లంత బ్యాటరీది. దాని పేరు సీఆర్2032, వాచీల షాపులో కూడా దొరుకుతుంది. రాతలున్న వైపు పైకి వచ్చేలా వేయండి. వేశాక బయోస్‌లోకి, అంటే విండోస్ లేవకముందే తెరుచుకునే మదర్‌బోర్డు సెట్టింగ్స్ పేజీలోకి వెళ్లి తేదీ సరిచేయండి. డిస్క్‌కు సంబంధించిన సాటా మోడ్ అనే చోట బ్యాటరీ తీయకముందు ఏముందో అదే ఉండాలి. అది మారితే విండోస్ లేవదు. ముందే ఫోన్‌తో ఆ పేజీ ఫొటో తీసి పెట్టుకుంటే మంచిది.

డబ్బు పెట్టాలంటే మొదట ఎస్‌ఎస్‌డీకి

చేతిలో ఒక్క భాగానికే డబ్బు ఉంటే ఎస్‌ఎస్‌డీనే, అంటే హార్డ్‌డిస్క్ బదులు వాడే చిప్‌ల డిస్క్‌నే కొనండి. దానిలో తిరిగే పళ్లెం లేదు, వెతికే సూదీ లేదు. విండోస్ మొదలవడం నిమిషాల నుంచి సెకన్లలోకి వస్తుంది.

కొనేటప్పుడు 2.5 అంగుళాల సాటా రకం అడగండి. షాపులో పలచటి ఎన్‌వీఎమ్ఈ చూపిస్తే వద్దనండి, హెచ్81 లాంటి బోర్డుల్లో దానికి చోటు ఉండదు. విండోస్‌కూ ప్రోగ్రాంలకూ 240 లేదా 256 జీబీ సరిపోతుంది, ఫొటోలూ సినిమాలూ పాత డిస్క్‌లోనే ఉంటాయి. 2025 చివరి నుంచి ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ధరలు బాగా పెరిగాయి. ఏడాది కిందటి వీడియోలో చెప్పిన రేటు పట్టుకుని షాపుకు వెళ్లొద్దు, రెండు మూడు చోట్ల అడగండి. ఆన్‌లైన్‌లో వెయ్యి రూపాయలకే 2 టీబీ ఎస్‌ఎస్‌డీ అని కనిపించేవి నకిలీవి. సైజు పెద్దగా చూపిస్తాయి, నిజంగా నింపితే ఫైళ్లు పాడవుతాయి.

బిగించడం కష్టం కాదు. ఒక సాటా డేటా కేబుల్, ఎస్‌ఎంపీఎస్ నుంచి వచ్చే ఒక పవర్ వైరు తగిలిస్తే అయిపోయింది. క్యాబినెట్‌లో దానికి సరిపడే చోటు లేకపోతే ఒక పక్క రెండు స్క్రూలు వేసినా చాలు, అది కదిలే వస్తువు కాదు.

పాత విండోస్‌ను అలాగే కాపీ చేసి ఎక్కించే దారి ఉంది. కొన్ని కంపెనీలు అందుకు ఉచిత ప్రోగ్రాం ఇస్తాయి. నేనైతే కొత్తగా ఇన్‌స్టాల్ చేయమనే చెబుతాను. పదేళ్ల చెత్తను కొత్త ఇంట్లోకి మోసుకెళ్లడం ఎందుకు? మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి విండోస్ 10 మీడియా క్రియేషన్ టూల్ దించి, దాంతో 8 జీబీ పెన్‌డ్రైవ్‌ను ఇన్‌స్టాల్ చేయడానికి తయారు చేసుకోండి. తర్వాతి మెట్టు చాలామంది మర్చిపోతారు: ఇన్‌స్టాల్ చేసేటప్పుడు పాత హార్డ్‌డిస్క్ కేబుల్ పీకి ఉంచండి. లేకపోతే విండోస్ లేవడానికి కావాల్సిన బూట్ ఫైళ్లు పాత డిస్క్‌లోకి వెళ్లి, రేపు అది పోయినప్పుడు కొత్తదీ లేవకుండా పోతుంది. కీ అడిగితే 'ఐ డోంట్ హావ్ ఎ ప్రొడక్ట్ కీ' నొక్కండి. అసలైన విండోస్ 10 ఇంతకుముందు ఈ మదర్‌బోర్డు మీద యాక్టివేట్ అయి ఉంటే, నెట్ తగలగానే తనంతట తానే యాక్టివేట్ అవుతుంది. అంతా అయ్యాక పాత డిస్క్ మళ్లీ తగిలించి, బయోస్‌లో ఎస్‌ఎస్‌డీని మొదటి వరుసలో పెట్టండి.

పెన్‌డ్రైవ్ నుంచి లేపడానికి ఆన్ చేయగానే బూట్ మెనూ మీట నొక్కాలి. డెల్, లెనోవో, గిగాబైట్‌లో ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9, ఆసుస్ మదర్‌బోర్డుల్లో ఎఫ్8.

ల్యాప్‌టాప్‌లో రెండో డిస్క్‌కు చోటు ఉండదు. పాతవాటిలో డీవీడీ డ్రైవ్ ఉంటే దాన్ని తీసి, ఆ చోట క్యాడీ అనే ఫ్రేమ్‌లో పాత డిస్క్ పెట్టుకోవచ్చు. క్యాడీల మందం 9.5, 12.7 మిల్లీమీటర్లని రెండు రకాలు. స్కేలుతో కొలిచి కొనండి. బ్యాటరీ ఉబ్బి కీబోర్డునో టచ్‌ప్యాడ్‌నో పైకి నెడుతుంటే మిగతా పనులన్నీ పక్కన పెట్టి ముందు దాన్ని తీయించండి, అది మంట పుట్టించే వస్తువు.

ర్యామ్: సెకండ్ హ్యాండ్‌కు భయపడక్కర్లేదు

ఎస్‌ఎస్‌డీ వేశాక కూడా మెమరీ 90 దాటుతుంటేనే ర్యామ్ గురించి ఆలోచించండి. 4 నుంచి 8 జీబీకి వెళితే బ్రౌజర్ తెరిపిన పడుతుంది. ఈ మెషీన్ చేసే పనులకు 16 అక్కర్లేదు. సెట్టింగ్స్‌లో 'అబౌట్' తెరిచి 32 బిట్ విండోస్ ఉందేమో చూడండి. ఉంటే ఎంత ర్యామ్ వేసినా 4 జీబీకి మించి వాడుకోదు, ముందు 64 బిట్‌కు మార్చాలి.

సీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రాంలో మెమరీ, ఎస్‌పీడీ ట్యాబ్‌లు చూస్తే మీ ర్యామ్ ఏ రకం, డీడీఆర్3నా డీడీఆర్4నా, ఏ స్లాట్‌లో ఎంత ఉందో తెలుస్తుంది. ఆ పేజీ ఫొటో తీసి షాపులో చూపించండి. నాలుగో తరం ల్యాప్‌టాప్‌లకు తక్కువ వోల్టేజీతో నడిచే రకమే కావాలి, స్టిక్కర్ మీద పీసీ3ఎల్ అని ఉంటుంది.

డీడీఆర్3 ర్యామ్‌ను సెకండ్ హ్యాండ్‌లో కొనడం తెలివైన పనే. ఆఫీసుల్లో తీసేసిన సిస్టమ్‌ల నుంచి వచ్చే ర్యామ్ హార్డ్‌డిస్క్‌లా అరిగిపోయేది కాదు. హైదరాబాద్‌లో ఉంటే సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గరి చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో, అందరూ సీటీసీ అనే చోట, విచారించండి. పనిచేయకపోతే మార్చిస్తామని బిల్లు మీద రాయించుకోండి. ఇంటికొచ్చాక ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 అనే ప్రోగ్రాంను రాత్రంతా నడిపి చూడండి. ఒక్క ఎర్ర వరుస కనిపించినా వెనక్కి ఇచ్చేయడమే. ఆన్‌లైన్‌లో మరీ చవగ్గా దొరికే 8 జీబీ డీడీఆర్3 కర్రల్లో కొన్ని ఏఎండీ బోర్డుల్లోనే పనిచేస్తాయి. వివరాల్లో ఆ మాట ఉందేమో వెతికి చూడండి. సెకండ్ హ్యాండ్ ఎస్‌ఎస్‌డీ మాత్రం వద్దు, అది రాసినకొద్దీ అరిగే వస్తువు.

విండోస్ 10 గడువు అయిపోయింది, ఇప్పుడేం చేయాలి?

విండోస్ 10కు మామూలు సెక్యూరిటీ అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. ఇంటి వినియోగదారులకు మైక్రోసాఫ్ట్ పొడిగింపు పథకం పెట్టింది, దాని గడువు 2026 అక్టోబర్ 13. 22హెచ్2 వెర్షన్ ఉండి, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి, సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేస్తే డబ్బు కట్టకుండానే చేరొచ్చు. విండోస్ అప్‌డేట్ పేజీలో 'ఎన్‌రోల్ నౌ' అని ఉంటుంది.

విండోస్ 11 అధికారికంగా ఈ మెషీన్‌కు రాదు. ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం నుంచి మొదలు, పైగా టీపీఎమ్ 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి. రూఫస్ అనే ఉచిత ప్రోగ్రాంతో అడ్డదారిలో ఎక్కించవచ్చు కానీ అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదు. ఇంట్లో ఉన్న ఒకే ఒక్క కంప్యూటర్ మీద ఆ ప్రయోగం నాకు నచ్చదు. షాపువాళ్లు వేసే క్రాక్ విండోస్ ఇంకా నచ్చదు. యాక్టివేటర్ పేరుతో ఏం లోపలికి వస్తుందో తెలియని మెషీన్‌లో బ్యాంకు లాగిన్ చేస్తారా?

మిగిలిన దారి లినక్స్, అంటే విండోస్ బదులు వాడుకునే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్. పేరు వినగానే బెదరక్కర్లేదు, బ్రౌజర్‌తోనే రోజు గడిపేవాళ్లకు తేడా పెద్దగా తెలియదు. లినక్స్‌లో ఒక రకమైన లినక్స్ మింట్‌లో తేలికపాటి ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం 4 జీబీ ర్యామ్‌లో హాయిగా నడుస్తుంది. మింట్ 22కు 2029 వరకు అప్‌డేట్లు వస్తాయి. దాన్ని పెన్‌డ్రైవ్‌లో వేసి, కంప్యూటర్‌లో ఏదీ మార్చకుండా నేరుగా పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూడవచ్చు. ఆ సమయంలో వైఫై తగులుతోందా, సౌండ్ వస్తోందా, ప్రింటర్ కదులుతోందా చూసుకోండి. ప్రింటర్ దగ్గరే ఆగిపోయేవాళ్లు ఎక్కువ. మన ఊళ్లలో ప్రతి జిరాక్స్ షాపులోనూ కనిపించే కేనన్ ఎల్‌బీపీ 2900కు లినక్స్‌లో వేరే డ్రైవర్ వేసి కుస్తీ పట్టాలి. హెచ్‌పీ లేజర్ ప్రింటర్లు చాలావరకు దానికంటే తేలిగ్గా పనిచేస్తాయి. తెలుగు టైపింగ్‌కు కీబోర్డ్ సెట్టింగ్స్‌లోనే తెలుగు లేఅవుట్లు ఉన్నాయి. మండలి, సురవరం, రామభద్ర లాంటి ఫాంట్లు ఉచితంగా దించుకుని లిబ్రే ఆఫీస్ అనే ఉచిత ఆఫీస్ ప్రోగ్రాంలో వాడుకోవచ్చు.

డీటీపీ చేసేవాళ్ల సంగతి వేరు. పేజ్‌మేకర్, అను ఫాంట్లతో పెళ్లి కార్డులూ కరపత్రాలూ చేసే సిస్టమ్‌ను లినక్స్‌కు మార్చితే పొట్టకూటికే ఎసరు. దాన్ని ఉన్నదున్నట్టు ఉంచి, నెట్ కేబుల్ మాత్రం పీకేయండి. ఫైళ్లు పీడీఎఫ్ చేసి పెన్‌డ్రైవ్‌లో బయటికి పంపండి. బయట తిరిగొచ్చిన పెన్‌డ్రైవ్‌ను ముందు నెట్ ఉన్న ఇంకో మెషీన్‌లో స్కాన్ చేశాకే దీనికి పెట్టండి. క్లోన్‌జిల్లా అనే ఉచిత ప్రోగ్రాంతో ఆ డిస్క్ మొత్తాన్నీ ఇంకో డిస్క్‌లోకి కాపీ తీసి బీరువాలో పెట్టండి. పాత ప్రోగ్రాంల సీడీలు ఇప్పుడు వెతికినా దొరకవు.

ఎక్కడ ఆపాలి

కోర్ 2 డ్యుయో, డీడీఆర్2 ర్యామ్ కాలం నాటిదైతే బ్యాటరీ, రబ్బరు, బ్రష్ దాటి ఖర్చు పెట్టొద్దు. అంతకంటే కొత్తదైనా ఎస్‌ఎస్‌డీ, ర్యామ్, ఎస్‌ఎంపీఎస్ అనుకుంటూ పోతే తడిసి మోపెడవుతుంది. మొత్తం కాగితం మీద రాసి చూసుకోండి. ఆఫీసుల నుంచి వచ్చే రీఫర్బిష్డ్ డెల్ ఆప్టిప్లెక్స్, లెనోవో థింక్‌సెంటర్ లాంటివాటి ధరలో సగం దాటుతుంటే అక్కడితో ఆగి, ఆ డబ్బు దానికే పెట్టండి. అడిగేటప్పుడు ఎనిమిదో తరం లేదా ఆపై ప్రాసెసర్ ఉన్నదే అడగండి, విండోస్ 11 దర్జాగా ఎక్కుతుంది. మీరు కొన్న ఎస్‌ఎస్‌డీ ఎలాగూ దానిలోకి మారిపోతుంది.

పాతదాన్ని ఎవరికైనా ఇచ్చినా, తుక్కు కింద వేసినా హార్డ్‌డిస్క్ మాత్రం విప్పి ఉంచుకోండి. మామూలుగా డిలీట్ చేసిన ఆధార్ స్కాన్లు, బ్యాంకు స్టేట్‌మెంట్లు తేలిగ్గా తిరిగి వస్తాయి. డిస్క్ బాగుంటే చిన్న యూఎస్‌బీ కేసులో పెట్టి ఫొటోల బ్యాకప్‌కు వాడుకోండి. చెడిపోయి ఉంటే మూత విప్పి లోపలి పళ్లేన్ని గీతలు పడేలా గీకి, ఈ-వ్యర్థాలు తీసుకునే చోట ఇవ్వండి.